మళ్లీ రమ్మన్న తేదీ



విశాఖపట్నంలో ముక్కు దిబ్బడ వేసిందంటే ఎవరికీ వింత కాదు. పాత పట్నంలో కిటికీ చట్రం మీద వేలు పెట్టి రాస్తే నల్లటి ధూళి అంటుకుంటుంది. మల్కాపురం, గాజువాక వైపు పొగ, దుమ్ము మామూలే. దానికి తోడు ఏడాది పొడుగునా సముద్రపు తేమ. అందుకే ముక్కు మూసుకుపోతే మందుల షాపులో చుక్కల మందు కొనుక్కుంటాం, రాత్రికి ఆవిరి పట్టుకుంటాం, "పోర్టు దుమ్ము కదా" అనేసి పొద్దున్నే పనిలోకి వెళ్లిపోతాం. చాలామంది విషయంలో ఆ మాట నిజమే. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మాటతో సరిపెట్టుకోకూడని కొద్దిమంది గురించి. ముక్కులోగానీ, సైనస్‌లలోగానీ క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్ చేయించుకుని, కరెంటు పెట్టించుకుని, కొందరు కీమో కూడా తీసుకుని, నయమై ఇంటికి చేరినవాళ్ల గురించి. మన ఆసుపత్రుల్లో రేడియేషన్ చికిత్సను రోగులందరూ కరెంటు అనే అంటారు, నేనూ అలాగే అంటాను. ఒక ముక్కు, చెవి, గొంతు వైద్యుడిగా వాళ్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ చెప్పాలనుకున్నది ఒక్కటే. డిశ్చార్జి కాగితం చేతికొచ్చిన రోజుతో వైద్యం పూర్తి కాదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి జరిగే పరీక్షలు కూడా వైద్యంలో భాగమే. జబ్బు తిరగబెడితే అది చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడానికి మనకున్న దారి అదే.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెబుతాను. ముక్కు లోపలి దారి రెండు కంటి గుంటల మధ్యగా వెనక్కి సాగి గొంతు పై భాగంలో కలుస్తుంది. దాని చుట్టూ ఎముకల్లో గాలితో నిండిన గదులుంటాయి. అవే సైనస్‌లు. బుగ్గ ఎముకలో ఉన్నది మాక్సిలరీ సైనస్. రెండు కళ్ల మధ్య ఉన్నవి ఎత్మాయిడ్ గదులు. నుదుటిలో ఫ్రాంటల్, బాగా వెనక, మెదడుకు కిందుగా స్ఫినాయిడ్. సైనస్‌లన్నిటిలోకీ బుగ్గలోని మాక్సిలరీ సైనస్‌కే క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. ఈ గదులకు పైన మెదడు, పక్కన కన్ను, కింద అంగిలి, పై పళ్ల వేళ్లు ఉంటాయి. ఎత్మాయిడ్‌కూ కంటికీ మధ్య ఉన్న ఎముక ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు.

తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లు వంద ఉంటే అందులో ఇవి మూడు నుంచి ఐదు. అరుదైన జబ్బు కాబట్టి మొదట ఎవరికీ అనుమానం రాదు. లోపల ఖాళీ ఉంది కాబట్టి కణితి నొప్పి లేకుండానే పెరుగుతుంది. అందువల్ల ఎక్కువమందిలో బయటపడే నాటికే అది ఎముకను దాటి ఉంటుంది. కడుపులోనో చర్మం మీదో అయితే శస్త్రవైద్యుడు కణితి చుట్టూ ఉన్న మంచి కండను కూడా ధారాళంగా కలిపి కోసేస్తాడు. ఇక్కడ ఒక పక్క కంటి నరం, ఇంకో పక్క మెదడు పొర. ఆ వెసులుబాటు తక్కువ. అందుకే ఆపరేషన్ ఎంత జాగ్రత్తగా చేసినా, కంటికి కనిపించని కణాలు కొన్ని మిగిలే ప్రమాదం ఉంటుంది. వాటిని చంపడానికే తర్వాత కరెంటు పెడతారు. అయినా కొందరిలో జబ్బు తిరగబెడుతుంది.

తిరగబెట్టే తీరు గురించి వైద్యులకు తెలిసిన ముఖ్య సంగతులు రెండు. ఒకటి, చాలామందిలో అది మొదట ఉన్న చోటే మళ్లీ వస్తుంది. రెండు, ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే వస్తుంది. పరీక్షల తేదీలన్నీ వీటిని బట్టి వేసినవే. అంతర్జాతీయంగా పాటించే పద్ధతి ప్రకారం మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి, మూడో ఏడాది నుంచి ఐదో ఏడాది దాకా నాలుగు నుంచి ఎనిమిది నెలలకోసారి, ఆ పైన ఏడాదికోసారి వైద్యుడికి చూపించుకోవాలి. మీ కణితి రకాన్నిబట్టి, అది ఎంతవరకు పాకిందన్నదాన్నిబట్టి మీ వైద్యుడు ఈ లెక్కను కొంచెం అటూ ఇటూ మారుస్తారు. మొదటి రెండేళ్లలో ఒక్క తేదీ కూడా తప్పకూడదన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

వెళ్తే ఏం చేస్తారోనన్న భయంతో ఆగిపోయేవాళ్లున్నారు. అందుకని ఆ పరీక్షను ఉన్నదున్నట్టు చెబుతాను. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడతారు. తిమ్మిరి మందులో తడిపిన దూది వత్తిని ముక్కులో కొద్దిసేపు ఉంచుతారు. గొంతులోకి కొంచెం చేదు దిగుతుంది, పై పెదవి మొద్దుబారుతుంది. తర్వాత నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నటి గొట్టం, దాని కొనకు వెలుగు, వెనక కెమెరా. లోపలి దృశ్యం పక్కనున్న తెర మీద కనిపిస్తుంది. దీన్నే నాసల్ ఎండోస్కోపీ అంటారు. కరెంటు పెట్టిన ముక్కులో తడి ఆరిపోయి పక్కులు కడతాయి. ముందు వాటిని మెల్లగా తీసి, పీల్చి శుభ్రం చేస్తారు. పక్కు కింద ఏముందో చూడకుండా పరీక్ష పూర్తయినట్టు కాదు. ఆ తర్వాత నిటారుగా చూసే గొట్టంతో ఒకసారి, మూలలు చూపించే వాలు గొట్టంతో మరోసారి, కణితి ఉన్న చోటు, కంటి వైపు గోడ, మెదడు వైపు కప్పు, ముక్కు అడుగు, వెనక గొంతు పై భాగం అన్నీ వరసగా చూస్తారు. మానిన చోటు నున్నగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. గరుకుగా, ఎర్రగా, తాకితే చాలు రక్తం చిమ్మేలా ఉన్న కండ కనిపిస్తే అక్కడ ఆగుతారు. కిందటిసారి తీసిన దృశ్యంతో పోల్చి చూస్తారు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తర్వాత వేళ్లతో అంగిలి, బుగ్గ లోపలి వైపు, మెడ తడిమి చూస్తారు. ఇంతే. కొన్ని నిమిషాల పని, ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు.

కెమెరాకు కనిపించనివి కూడా ఉంటాయి. పొర కిందుగా పెరిగేది, కంటి గుంటలోకి పోయేది, నరం వెంట వెనక్కి పాకేది స్కానులోనే తెలుస్తాయి. కొందరికి ఆపరేషన్ చేసిన ఖాళీని తొడ నుంచో ముంజేతి నుంచో తెచ్చిన కండతో పూడుస్తారు. ఆ కండ వెనక ఏం జరుగుతోందో కెమెరాతో చూడలేం. అలాంటివాళ్లకు స్కాన్లే కళ్లు. మెత్తటి కండను, నరాలను, మెదడు పొరను ఎంఆర్ఐ బాగా చూపిస్తుంది. సైనస్‌లో నిలిచిపోయిన చీమిడికీ మళ్లీ పుట్టిన కణితికీ తేడా చెప్పడంలో కూడా అదే మెరుగు. ఎముకను సీటీ బాగా చూపిస్తుంది. పెట్ స్కాన్ ఒంట్లో మిగతా చోట్లను కూడా వెతుకుతుంది. అయితే కరెంటు పూర్తయిన వెంటనే పెట్ స్కాన్ తీయిస్తే లోపలి వాపునే కణితి అనుకునే ప్రమాదం ఉంది. అందుకే సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. "ఇంకా ఎందుకు తీయడం లేదు, నిర్లక్ష్యమా" అని కంగారుపడకండి. చికిత్స ముగిశాక ఆరు నెలల లోపల తీసిన మొదటి స్కాను చాలా విలువైనది. ఆపరేషన్ తర్వాత మీ ముఖం లోపలి ఆకారం అందరిలా ఉండదు. మీకంటూ కొత్త ఆకారం ఏర్పడుతుంది. తర్వాత తీసే ప్రతి స్కానునూ ఈ మొదటిదానితోనే పోల్చాలి.

ఉద్దానం వైపు నుంచి, అంటే సోంపేట, కవిటి, పలాస ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట. స్కానుకు ముందు నరంలోకి ఎక్కించే రంగు మందు మూత్రపిండాలకు ఇబ్బంది కలిగించవచ్చు. మీ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువని అందరికీ తెలుసు. మీ ఊరి పేరు, మీ కిడ్నీ పరిస్థితి స్కాను సిబ్బందికి ముందే చెప్పండి. క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నాకే స్కానుకు వెళ్లండి.

ఇక ఎన్నేళ్లు తిరగాలన్న ప్రశ్న. ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టేనని చాలామంది అంటారు. ముక్కు, సైనస్‌ల విషయంలో అన్ని కణితులకూ ఆ లెక్క సరిపోదు. ఇక్కడ పుట్టే క్యాన్సర్లు ఒక్క రకం కాదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకం తిరగబెడితే త్వరగానే తిరగబెడుతుంది. ముక్కులో వచ్చే మెలనోమా ఇంకా తొందరపడుతుంది. వాసన నరం దగ్గర పుట్టే ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా అలా కాదు. పదేళ్లు దాటాక కూడా, ఒక్కోసారి మెడలో బిళ్ల కట్టి బయటపడుతుంది. అడెనాయిడ్ సిస్టిక్ అనే రకం నరాల వెంట నెమ్మదిగా పాకుతుంది, ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో కనిపించవచ్చు. ఇన్వర్టెడ్ పాపిలోమా అనేది క్యాన్సర్ కాదు, కానీ మళ్లీ మళ్లీ వచ్చే గడ్డ. కొద్దిమందిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది. కాబట్టి మీ ముక్క పరీక్ష రిపోర్టులో రాసిన పేరు మీకు తెలియాలి. "నాది ఏ రకం? నేను ఎన్నేళ్లు రావాలి?" అని అడగండి. అది అడగడం మీ హక్కు. ఆ రెండు జవాబులూ మీ వైద్యుడి చేత కాగితం మీద రాయించుకోండి.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక విషయం చెప్పక తప్పదు. క్యాన్సర్ అని తెలిస్తే మనిషి కుంగిపోతాడని, ఇంట్లోవాళ్లు ఆ మాటను రోగికి తెలియనివ్వరు. "నాన్నగారికి చెప్పకండి డాక్టర్ గారూ, గడ్డ అని చెప్పాం" అంటూ కొడుకు తలుపు దగ్గర నిలబడి బతిమాలుకోవడం ప్రతి ఆసుపత్రిలో చూసే దృశ్యమే. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ దాని ఫలితం ఏమిటో ఆలోచించండి. ఆ పెద్దాయన గడ్డ తీసేశారు, పని అయిపోయింది అనుకుంటాడు. ఏడాది తర్వాత ఎడమ పక్క ముక్కు మూసుకుపోతే పోర్టు దుమ్ము అనుకుంటాడు. బుగ్గ మొద్దుబారితే పక్షవాతపు గాలి అనుకుంటాడు. పై పన్ను కదిలితే వయసు అనుకుంటాడు. కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు. ప్రమాదాన్ని ముందు గుర్తుపట్టగలిగేది ఆ పెద్దాయన ఒక్కడే. ఆయనకే దేన్ని గుర్తుపట్టాలో తెలియదు. మెల్లగా, ధైర్యం చెబుతూ, వైద్యుడి సాయంతో ఆయనకు నిజం చెప్పండి. తెలిసిన మనిషి జాగ్రత్తపడతాడు.

ఎందుకంటే తిరగబెట్టిన జబ్బు మేం వేసిన తేదీ దాకా ఆగదు. రెండు తేదీల మధ్య రోగికి కనిపించిన గుర్తుతోనే బయటపడే కేసులు చాలా ఉంటాయి. ఆ గుర్తులు చెబుతాను, దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. ఒకే పక్క ముక్కు దిబ్బడ, రోజురోజుకీ ఎక్కువవడం. ఒకే పక్క నుంచి రక్తం, లేదా రక్తం కలిసిన చీమిడి, చెడు వాసన. బుగ్గ, పై పెదవి, పై చిగురు మొద్దుబారడం లేదా చీమలు పాకినట్టు ఉండడం. పై పళ్లు కదలడం. అంగిట్లో వాపు, పుండు. ఒక కన్ను ముందుకు పొడుచుకురావడం, ఒకటి రెండుగా కనిపించడం, ఉన్నట్టుండి కన్నీరు కారుతూనే ఉండడం. నోరు తెరవడం కష్టమవడం. మెడలో బిళ్ల. ఏ మాత్రకూ లొంగని తలనొప్పి, ముఖం లోపల నొప్పి. వీటిలో ఏ ఒక్కటి రెండు వారాలు దాటినా తేదీ కోసం ఎదురుచూడకుండా వెళ్లాలి. చూపు తగ్గినా, రక్తం ఆగకుండా పోయినా రెండు వారాలు కాదు, ఆ రోజే వెళ్లాలి. మెదడు వైపు కప్పు దాకా ఆపరేషన్ జరిగినవాళ్లకు, తల వంచినప్పుడు ఒక పక్క ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం చుక్కలు చుక్కలుగా పడితే అది రొంప కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే నీరు కారుతూ ఉండవచ్చు. అప్పుడు కూడా ఆలస్యం చేయకూడదు.

పన్ను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కరెంటు తగిలిన దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గుతుంది. అలాంటి చోట పన్ను పీకిస్తే ఆ గాయం మానక ఎముకే కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఇంకోవైపు, పన్ను కదలడం జబ్బు తిరగబెట్టిన గుర్తు కూడా కావచ్చు. ఈ రెండు కారణాల వల్ల, వీధి చివరి పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్న వెంటనే మొదట చెప్పాల్సిన మాట "నాకు ముఖానికి కరెంటు పెట్టారండీ" అని. మీ క్యాన్సర్ వైద్యుడితో మాట్లాడకుండా పన్ను తీయించుకోకండి.

అంగిలిలో కొంత భాగం తీసేసినవాళ్లకు ఆ రంధ్రాన్ని మూసే ప్లేటు ఇస్తారు. దాన్ని ఆబ్ట్యురేటర్ అంటారు. అది లేకపోతే తాగిన మజ్జిగ ముక్కులోంచి వస్తుంది, మాట ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. అది పెట్టుకుంటే మనిషి నలుగురిలో కూర్చుని భోజనం చేయగలడు, ఫోనులో మాట్లాడగలడు. బాగా అమరిన ప్లేటు ఒకరోజు ఒక పక్క గుచ్చుకుంటుంది, లేదా వదులై నీళ్లు ముక్కులోకి జారుతాయి. "ప్లేటు అరిగింది, కాస్త సాన పట్టించండి" అంటారు. పుండు మానుతూ ముడుచుకోవడం వల్ల అలా కావచ్చు. లోపల కండ పెరగడం వల్ల కూడా కావచ్చు. కాబట్టి ప్లేటు సరిచేసే ముందు ఆ ఖాళీని వైద్యుడు చూడాలి. ఈ ప్లేటుతో ఒక మేలు కూడా ఉంది. అది తీస్తే లోపలి చోటు టార్చి వెలుగులో నేరుగా కనిపిస్తుంది. రోజూ రాత్రి ప్లేటు కడిగేటప్పుడు అద్దం ముందు నిలబడి లోపలికి ఒకసారి చూసుకోండి. కొత్తగా ఏదైనా కనిపిస్తే చెప్పండి.

అంగిలి మాట వచ్చింది కాబట్టి మన తీరం సంగతి ఒకటి చెప్పాలి. విశాఖ, శ్రీకాకుళం జిల్లాల తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట కాలుతున్న కొనను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు తరతరాలుగా ఉంది. అడ్డపొగ అంటారు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. తీరాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటు కారణమని చూపుతూ డి. జి. రెడ్డి, వి. కె. రావు అనే వైద్యులు 1957లోనే పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ప్రపంచ వైద్య గ్రంథాల్లో అడ్డపొగ ప్రస్తావన వస్తే ఇప్పటికీ మన తీరం పేరు ఉంటుంది. అంగిలి అంటే ముక్కుకూ మాక్సిలరీ సైనస్‌కూ నేల. అక్కడి పుండు పైకి, పైనున్న కణితి కిందికి పాకుతాయి. చికిత్స అయ్యాక మళ్లీ చుట్ట అందుకుంటే, అది అడ్డంగా తాగినా నిలువుగా తాగినా, తిరగబెట్టే ప్రమాదానికీ, నోట్లోనో గొంతులోనో ఊపిరితిత్తుల్లోనో కొత్తగా ఇంకో క్యాన్సర్ పుట్టడానికీ తలుపు తీసినట్టే. అమ్మలకు, అత్తలకు, పిన్నులకు నా విన్నపం. కరెంటు పెట్టించుకునే రోజుల్లో నోరు పూసి చుట్ట మానేసి ఉంటారు. మళ్లీ మొదలుపెట్టకండి. ఇంట్లో మగవాళ్లు సిగరెట్టు, బీడీ కాలుస్తూ మీకు నీతులు చెబితే లాభం లేదు. ఇంటిల్లిపాదీ మానాలి.

పని సంగతి కూడా అడుగుతారు. "డాక్టర్ గారూ, మళ్లీ డ్యూటీలోకి వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. ముక్కు, సైనస్‌ల క్యాన్సర్‌కు కారణమని గట్టిగా రుజువైన దుమ్ములు కర్ర పొట్టు, తోలు దుమ్ము, నికెల్ శుద్ధి కర్మాగారాల ధూళి. 1960లలో ఇంగ్లండులోని హై వికూమ్ అనే కుర్చీల తయారీ ఊళ్లో, ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్ అనే ఈఎన్‌టీ వైద్యురాలు, తన దగ్గరికి ముక్కు క్యాన్సర్‌తో వచ్చేవాళ్లలో అంతమంది వడ్రంగులే ఎందుకున్నారని గమనించడంతో ఈ సంగతి బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కర్ర పొట్టును క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. కాబట్టి వడ్రంగం, పడవల మరమ్మతు, లేతు మీద చెక్క పని చేసేవాళ్లు చికిత్స తర్వాత పొట్టు పీల్చే దూరంలో పని చేయకుండా చూసుకోవాలి. తప్పనిసరైతే గాలి బాగా ఆడే చోట, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కుతో చేయాలి. బొగ్గు ధూళి ఈ జాబితాలో లేదు. అయినా కరెంటు తగిలి ఎండిన ముక్కు ఏ దుమ్మునూ బయటకు తోసుకోలేదు. పోర్టులో, ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో పనిచేసేవాళ్లు మాస్కు మరవకూడదు.

పక్కులు కట్టిన ముక్కును ఉప్పునీటితో కడుక్కోమని మేం చెబుతుంటాం. ఆ నీళ్ల విషయంలో పొరపాటు చేయకండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కించకూడదు. అలాంటి నీటిలో ఉండగల ఒక రకం అమీబా ముక్కు దారిన మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. కేరళలో ఈ మధ్య సంవత్సరాల్లో వచ్చిన కేసుల గురించి వినే ఉంటారు. బాగా మరిగించి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర టీస్పూనుకు మించకుండా ఉప్పు, చిటికెడు తినే సోడా కలుపుకోండి. ఏ పూటకా పూట కొత్తగా చేసుకోండి. పిచికారీ సీసాను కూడా వేడినీటితో కడగండి. ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం మీకు ఆపరేషన్ చేసిన వైద్యుడే చెప్పాలి.

పరీక్షకు వెళ్లినప్పుడు కణితి ఒక్కటే చూసి పంపేయరు. కరెంటు ప్రభావం ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది. కంటిలో శుక్లం, కన్ను పొడిబారడం, కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గడం, దవడ బిగుసుకుపోవడం. మెడకు కూడా కరెంటు పెట్టి ఉంటే థైరాయిడ్ మందగించవచ్చు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ రక్త పరీక్ష చేయించాలి. నీరసం, ఒళ్లు బరువెక్కడం, చలికి తట్టుకోలేకపోవడం వయసు వల్ల అనుకుని వదిలేస్తే, రోజుకో మాత్రతో సర్దుకునే ఇబ్బందిని ఏళ్లపాటు మోస్తారు.

ఇంత చెప్పినా రానివాళ్లు ఎందుకు రారో నాకు తెలుసు. బాగానే ఉన్నాం కదా అన్నది ఒక కారణం. వెళ్తే మళ్లీ ఏం చెబుతారోనన్న గుబులు రెండోది. అన్నిటికంటే పెద్ద కారణం కూలి పోవడం, దారి ఖర్చు. పలాస నుంచో, పాడేరు నుంచో, ఒడిశా సరిహద్దు నుంచో ఒక పరీక్ష కోసం విశాఖ రావాలంటే ఇద్దరి కూలి పోతుంది. ఇందులో కొంత భారం తగ్గించుకునే దారులున్నాయి. క్యాన్సర్ రోగులకు రైల్వే రాయితీ చికిత్సకే కాదు, ఆ తర్వాత పరీక్షల ప్రయాణానికి కూడా ఉంది. స్లీపరు, మూడో ఏసీ తరగతుల్లో రోగికి పూర్తి ఉచితం, తోడు వచ్చేవారికి ముప్పావు వంతు రాయితీ. అందుకు ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. డిశ్చార్జి రోజునే అడిగి తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స పొందినవాళ్లు తర్వాతి పరీక్షలకు, స్కాన్లకు ఏమేం వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందిని అడిగి తెలుసుకోండి. ఈ నగరంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు ఉత్తరాంధ్ర రోగి ముంబయికో చెన్నైకో పరుగెత్తేవాడు. ఇప్పుడు ఆ వైద్యం మన జాతీయ రహదారి పక్కనే ఉంది. వేటకు వెళ్లే అన్నలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం ఉన్న రోజుల్లో స్కాను, రక్త పరీక్షలు పెట్టించుకోండి. మిగతా నెలల్లో పడిన తేదీలను మాత్రం వేట కోసం జరపకండి.

కాగితాల సంగతి కూడా. ఆపరేషన్ నోటు, ముక్క పరీక్ష రిపోర్టు, కరెంటు ఎంత మోతాదులో ఎక్కడ పెట్టారో రాసిన కాగితం, మొదటి స్కాను సీడీ. ఈ నాలుగూ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువా పై అరలో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు మనది. ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసి పిల్లలకు పంపి ఉంచండి. ఏ ఊళ్లో ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఇవి చూపిస్తే మీ కథంతా ఆయనకు పది నిమిషాల్లో తెలుస్తుంది.

చివరిగా, తిరగబెట్టిందని తేలితే అంతా అయిపోయినట్టేనా అన్న భయం. కాదు. చిన్నగా, ఒకే చోట ఉన్నప్పుడు పట్టుకుంటే, చాలామందిలో మళ్లీ ఆపరేషన్ చేయవచ్చు. కొన్నిటిని ముఖం మీద కోత లేకుండా ముక్కు దారిలోంచే తీయవచ్చు. ఎంపిక చేసిన కొందరికి రెండోసారి కరెంటు కూడా పెట్టవచ్చు. మెడలో బిళ్ల ఒక్కటే వచ్చినప్పుడు దాన్ని తీసేసి ఏళ్ల తరబడి బాగున్నవాళ్లున్నారు. అదే జబ్బు కంటిలోకి, మెదడులోకి పాకాక వస్తే మా చేతుల్లో మిగిలేది తక్కువ. ఈ రెండు స్థితుల మధ్య తేడా చాలాసార్లు కొద్ది నెలలే. ఆ కొద్ది నెలలను కాపాడేది మీరు తప్పకుండా వచ్చే ఆ పరీక్షే.

ముక్కు, సైనస్ క్యాన్సర్‌కు చికిత్స పూర్తయినవాళ్లు మీ ఇంట్లో ఉన్నా, మీ వీధిలో ఉన్నా, మీ షాపులో, మీ షిఫ్టులో ఉన్నా, ఇవాళే ఒక్క ప్రశ్న అడగండి: మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? ఆ తేదీ దాటిపోయి ఉంటే సిగ్గుపడాల్సిన పని లేదు. ఏ వైద్యుడూ తిట్టడు. రేపు పొద్దున్నే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.